యుద్ధం, భద్రత, శాంతి: వరంగల్‌లో కూర్చుని ఈ చదువు ఎలా మొదలుపెట్టాలి

డిగ్రీ చదువుతున్న పిల్లలెవరైనా "నేను యుద్ధాలు, అంతర్జాతీయ భద్రత చదువుతాను" అంటే ఇంట్లో వచ్చే మొదటి మాట "అంటే మిలిటరీల చేరతవా?" అని. రెండోది "దానికి నౌకరి ఏమొస్తది?" అని. రెండోదానికి జవాబు చివర్లో చెప్తాను, కాస్త చేదుగానే ఉంటుంది. మొదటిదానికి ఇప్పుడే చెప్పొచ్చు: మిలిటరీకి, దీనికి సంబంధం తక్కువ. యుద్ధాలు ఎందుకు మొదలవుతాయి, మొదలైనవి ఎందుకు ఓ పట్టాన ఆగవు, ఆగినవి మళ్లీ రాజుకోకుండా ఏం చేయాలి, చదువంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

ఢిల్లీ వెళ్లాక మొదలుపెడదాంలే అనుకోకండి. హన్మకొండలోనో జగిత్యాలలోనో మంచిర్యాలలోనో ఉన్నవాళ్లకు ఢిల్లీ విద్యార్థులకు దొరకనివి కొన్ని చేతికందే దూరంలో ఉన్నాయి. వాటితో ఎలా మొదలుపెట్టాలో చూద్దాం.

ఒక్క ఘర్షణను ఎంచుకోండి

చాలామంది ఈ సబ్జెక్టులోకి టీవీ డిబేట్ల దారిన వస్తారు. ఏ క్షిపణి ఎంత దూరం పోతుంది, ఎవరి దగ్గర ఎన్ని విమానాలు ఉన్నాయి, ఎవరు ఎవరికి ఎలా బుద్ధి చెప్పాలి. తెలుసుకోవడంలో తప్పేమీ లేదు గానీ, ఆరు నెలలు అదే చూసినా ఒక యుద్ధం ఎందుకు ఆగిందో మాత్రం చెప్పలేరు. అందుకని పది యుద్ధాల గురించి కొంచెం కొంచెం చదవడం మానేసి, ఒకే ఒక్కదాన్ని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూడండి.

ఏది అంటే, నా ఓటు 1946–51 మధ్య తెలంగాణకు. సెంటిమెంట్‌తో చెప్పడం లేదు. ఆ ఐదేళ్లలో ఈ సబ్జెక్టు సిలబస్ దాదాపు మొత్తం ఉంది. భూమి, వెట్టిచాకిరీ మీద మొదలైన సాయుధ పోరాటం, రజాకార్ల లాంటి ప్రైవేటు సైన్యం, ఇద్దరు పాలకుల మధ్య ఒప్పందం, దాని ఉల్లంఘన మీద ఆరోపణలు, సైనిక చర్య, ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు, సామాన్యుల ఊచకోతలు, బయటికి రాని రిపోర్టు, ఆ తర్వాత భూమి చట్టాలు. పైగా ఇంగ్లిష్, తెలుగు, ఉర్దూ మూడింటిలోనూ కాగితాలున్నాయి.

ఒక పెద్ద నోట్‌బుక్ తీసుకుని పేజీని నాలుగు నిలువు వరుసలుగా గీయండి: తేదీ, ఏం జరిగింది, ఎవరు చెప్తున్నారు, దీన్నే వేరేగా చెప్పేవాళ్లున్నారా. నాలుగో వరుస ఖాళీగా ఉందంటే మీరు ఇంకా ఒక పక్షం పుస్తకాలే చదువుతున్నారని అర్థం.

కొన్ని తేదీలు నేనే ఇస్తాను. 1946 జూలై 4, కడివెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోయాడు. 1947 సెప్టెంబర్ 2, పరకాలలో జాతీయ జెండా ఎగరేయబోయిన జనం మీద కాల్పులు జరిగాయి. అదే ఏడు నవంబర్ 29న నిజాంకు, భారత ప్రభుత్వానికి మధ్య యథాతథ ఒప్పందం, అంటే ఉన్న సంబంధాలను ఏడాది పాటు అలాగే కొనసాగించే ఒప్పందం కుదిరింది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్ల ఊచకోత. సెప్టెంబర్ 13న సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు, భూదానం అక్కడ మొదలైంది. అదే ఏడు అక్టోబర్‌లో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది.

ఇప్పుడు ఈ వరుసను చూస్తూ ఒక ప్రశ్న వేసుకోండి. 1948 సెప్టెంబర్ 17న అసలు యుద్ధం అయిపోయింది కదా, మరి ఊళ్లలో తుపాకులు ఇంకో మూడేళ్లు ఎందుకు పేలాయి? నిజాం లొంగినంత మాత్రాన భూమి ఎవరిదన్న తగువు తీరలేదు. ఊరొదిలి పారిపోయిన దొరలు చాలాచోట్ల సైన్యం వెనకాలే తిరిగొచ్చారు. నార్వేకి చెందిన యోహాన్ గాల్టుంగ్ 1969లో రాసిన ఒక వ్యాసం ఈ సబ్జెక్టులో ప్రతివాళ్లూ చదివేది. కాల్పులు ఆగడం ఒక రకం శాంతి, కాల్పులకు కారణమైన అన్యాయం పోవడం మరో రకం శాంతి అని ఆయన విడదీశాడు. ఆ వ్యాసాన్ని ముందే చదివితే గాలిలో మాటల్లా ఉంటుంది. పై తేదీల వరుస రాసుకున్నాక చదవండి, పేజీ పేజీకీ మన ఊళ్లే కనిపిస్తాయి.

ఐక్యరాజ్యసమితి కాగితాలు తెరవండి

అంతర్జాతీయ భద్రత అనగానే మనకు సంబంధం లేనిదనిపిస్తుంది. కానీ 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది, సెప్టెంబర్ 16న పారిస్‌లో జరిగిన సమావేశంలో హైదరాబాద్ విషయం మండలి ముందుకు వచ్చింది. సైన్యం అప్పటికే సగం దారిలో ఉంది. మరుసటి రోజుకే లొంగుబాటు. ఆ సమావేశం రికార్డులు ఐక్యరాజ్యసమితి డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. డౌన్‌లోడ్ చేసుకుని రోజుకు రెండు పేజీలు చదవండి. దౌత్యవేత్తల ఇంగ్లిష్ మొదట్లో తల తినేస్తుంది, నాలుగు రోజులకు అలవాటవుతుంది.

పక్కన ఐక్యరాజ్యసమితి చార్టర్ పెట్టుకోండి. మొత్తం అక్కర్లేదు. బలప్రయోగం చేయకూడదనే 2(4), ఒక దేశం అంతర్గత వ్యవహారాల్లో జోక్యం వద్దనే 2(7), ఆత్మరక్షణ హక్కు ఇచ్చే 51, ఈ మూడూ చాలు. హైదరాబాద్ ప్రతినిధి ఏ వాదన పట్టుకున్నాడు, భారత ప్రతినిధి ఏ వాదన పట్టుకున్నాడు అని గీతలు గీసుకుంటూ పోండి. ఈ ఒక్క పని చేసినవాళ్లకు ఉక్రెయిన్ మీదో గాజా మీదో మండలిలో జరిగే చర్చ విన్నప్పుడు ఎవరు ఏ ఆర్టికల్ చాటున నిలబడ్డారో వెంటనే పట్టేయడం వస్తుంది. ఐదు శాశ్వత సభ్యదేశాల వీటో ఎలా పనిచేస్తుందో కూడా ఆ దారిలోనే తెలిసిపోతుంది.

అంకెలను అనుమానించడం నేర్చుకోండి

బైరాన్‌పల్లిలో ఎంతమంది చనిపోయారు? ఒక చోట వంద లోపు ఉంటుంది, ఇంకోచోట వంద దాటుతుంది. రెండూ బాధ్యత గలవాళ్లు రాసినవే. ఇలాంటప్పుడు నచ్చిన అంకె తీసుకోవద్దు. ఎవరు లెక్కపెట్టారు, ఎప్పుడు లెక్కపెట్టారు, పేర్ల జాబితా ఉందా, ఆ ఒక్కరోజు మృతులేనా లేక గాయాలతో తర్వాత పోయినవాళ్లూ ఉన్నారా అని అడగండి.

దీనికంటే కష్టమైన లెక్క ఇంకొకటుంది. సైనిక చర్య తర్వాత హైదరాబాద్ రాజ్యంలో ముస్లింల మీద జరిగిన హింసను చూసి రమ్మని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. నష్టం ఎక్కువగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ రిపోర్టు జనం చూసేందుకు 2013 దాకా పట్టింది. రజాకార్లు చేసింది చదివి ఇది చదవకపోయినా, ఇది చదివి అది చదవకపోయినా మీరు చేసేది ఒక పక్షం తరఫున వకాల్తా అవుతుంది. ఈ విషయం మీద ఇంట్లో, కాలేజీలో వాదనలు వస్తాయి. రానీయండి. మీ నోట్‌బుక్‌లో మాత్రం రెండూ ఒకే పేజీలో ఉండాలి.

ఇప్పటి ఘర్షణలకు అంకెలు కావాలంటే స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం నడిపే డేటా చూడండి. ఏడాదికి కనీసం 25 మంది పోరాటాల్లో చనిపోతేనే వాళ్లు దాన్ని సాయుధ ఘర్షణగా లెక్కిస్తారు, వెయ్యి దాటితే యుద్ధం అంటారు. ఆయుధ ఖర్చులకు స్టాక్‌హోమ్‌లోని సిప్రీ సంస్థ ఉంది. 2024లో ప్రపంచ దేశాలన్నీ కలిపి సైన్యాల మీద పెట్టిన ఖర్చు దాదాపు 2.7 లక్షల కోట్ల డాలర్లని వాళ్ల లెక్క, అందులో మన దేశం ఐదో స్థానంలో ఉంది. ఈ రెండు సంస్థల డేటా ఉచితం. ఎక్సెల్‌లో నాలుగు గ్రాఫులు గీయడం వస్తే చాలు, మీ క్లాసులో చాలామందికంటే ముందుంటారు.

ఒక ఆదివారం కోటకు పోండి

ఖిలా వరంగల్‌కు చిన్నప్పటి నుంచి పిక్నిక్‌కు పోయే ఉంటారు. ఈసారి తోరణాల దగ్గర ఫొటోలు దిగి వచ్చేయకుండా, బయటి మట్టికోట దగ్గర మొదలుపెట్టి కందకం, రాతికోట, ద్వారాలు ఆ వరుసలోనే నడవండి. ద్వారంలోంచి నేరుగా లోపలికి పోలేరు, మలుపు తిరగాలి. ఏనుగుతోనో దూలంతోనో పరుగున వచ్చి తలుపు పగలగొట్టేవాడి వేగాన్ని ఆ మలుపే చంపేస్తుంది.

ఇంటికొచ్చి దండయాత్రల చరిత్ర తీయండి. 1303లో ఢిల్లీ సైన్యం విఫలమైంది. 1310లో మాలిక్ కాఫుర్ ముట్టడి చివరికి సంధితో, కప్పంతో ముగిసింది. ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి రాజ్యం నిలుపుకున్నాడు. తర్వాత ఢిల్లీ తుగ్లక్ సుల్తాన్ కొడుకు ఉలుఘ్ ఖాన్ వచ్చినప్పుడు మొదటిసారి కోట పడలేదు. ఢిల్లీలో సుల్తాన్ చనిపోయాడన్న పుకారు శిబిరంలో పాకి సైన్యమే చెదిరిపోయింది. దేవగిరికి వెనక్కి తగ్గి, మళ్లీ వచ్చి 1323లో కోట గెలిచాడు. గోడలు అవే, రాజు అతనే. ఒకసారి సంధి ఎందుకు కుదిరింది, ఇంకోసారి ఎందుకు కుదరలేదు? కప్పం కట్టి సామంతుడిగా ఉండనివ్వడం ఢిల్లీకి 1310లో సరిపోయింది, తుగ్లక్‌లకు సరిపోలేదు. బేరంలో ఎదుటివాడికి ఏం కావాలో మారిపోతే పాత సంధి పనికిరాదు. దీని మీద ఒక పేజీ రాయండి. పుకారు సంగతి మీద విడిగా ఇంకో పేజీ రాయండి, ఈ వాట్సాప్ రోజుల్లో అది మీకు ఎక్కువ పనికొస్తుంది.

పెద్దవాళ్లతో మాట్లాడండి, కానీ పద్ధతిగా

1948ని పెద్ద వయసులో చూసినవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు. చిన్నపిల్లలుగా చూసినవాళ్లు కొందరున్నారు, విన్నవాళ్లు చాలామంది ఉన్నారు. తర్వాతి దశ, అంటే 1978లో జగిత్యాల, సిరిసిల్లలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన రోజుల నుంచి 2000ల దాకా అయితే, ప్రతి ఊళ్లో ప్రత్యక్షంగా చూసినవాళ్లే. ఢిల్లీ విద్యార్థికి దుబాసీ కావాలి. మీకు అక్కర్లేదు. మీ సంపద ఇదే, జాగ్రత్తగా వాడుకోండి.

"హింస ఎలా ఉండేది తాతా?" అని అడిగితే పేపర్లో వచ్చినట్టే చెప్తారు. "ఆ ఏడు చెల్కల ఏమేసిన్రు? అంగడికి ఎవరు పోయేది? రాత్రి దీపం ఎప్పుడు ఆర్పేది?" అని అడగండి, అసలు విషయాలు వాటంతటవే వస్తాయి. తేదీలు గుర్తుండవు, కాబట్టి "అది మేడారం జాతర పడ్డ ఏడా, పడని ఏడా?" అని అడిగితే ఏడాది చాలావరకు తేలిపోతుంది. కరువులు, పెళ్లిళ్లు కూడా ఇట్లనే పనికొస్తాయి.

కొన్ని విషయాల్లో మొహమాటం వద్దు. అనుమతి లేకుండా ఫోన్లో రికార్డు చేయకండి. దళంలో పనిచేసి లొంగిపోయినవాళ్లు, ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో మనిషిని పోగొట్టుకున్న ఇల్లు, ఎన్‌కౌంటర్‌లో కొడుకు పోయిన ఇల్లు, మందుపాతరకు కానిస్టేబుల్‌ను పోగొట్టుకున్న ఇల్లు, అన్నీ ఒకే మండలంలో ఉండొచ్చు. ఒకరు చెప్పింది ఇంకొకరి దగ్గర అనకండి. మీ రాతలో పేర్లు, ఊళ్లు మార్చేయండి, అసలు పేర్లున్న కాగితం మీ దగ్గరే దాచుకోండి. నిషేధిత సంస్థలతో సంప్రదింపులు, అడవిలోకి "ఫీల్డ్ వర్క్" లాంటివి చేయొద్దు, ములుగు సరిహద్దులో అసలే వద్దు. ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టం కింద కేసు పడితే "ప్రాజెక్టు కోసం" అన్న మాట ఎవరూ వినరు. ఎవరైనా ఏడుస్తుంటే నోట్‌బుక్ మూసేయండి.

2004 చర్చలను ఆటలా ఆడి చూడండి

శాంతి నిర్మాణం చదవడానికి కొలంబియా, ఉత్తర ఐర్లాండ్ ఉదాహరణలు ఎక్కడైనా దొరుకుతాయి. మన దగ్గరిది మనమే చదవాలి. 1997 నుంచి రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో పౌరస్పందన వేదిక ప్రభుత్వానికి, నక్సలైట్లకు మధ్య మాటలు కలపడానికి ప్రయత్నించింది. ఆ ప్రయత్నాల తర్వాత 2004 అక్టోబర్ 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో ముఖాముఖి చర్చలు జరిగాయి. ప్రభుత్వం తరఫున హోంమంత్రి జానారెడ్డి, అవతలి వైపు మావోయిస్టు, జనశక్తి ప్రతినిధులు కూర్చున్నారు. రెండో విడత జరగనే లేదు. 2005 జనవరికి అంతా కూలిపోయింది, ఆగస్టులో నిషేధం మళ్లీ వచ్చింది.

నలుగురైదుగురు మిత్రులు కలిసి ఒక సాయంత్రం దీన్ని ఆడి చూడండి. ఒకరు ప్రభుత్వం, ఒకరు మావోయిస్టులు, ఒకరు మధ్యవర్తి, ఒకరు పోలీసు శాఖ, ఒకరు పేరు లేని ఊరి సర్పంచ్. అప్పటి పేపర్లు తీసి రెండు అంశాలే పెట్టుకోండి: దళాలు ఊళ్లలోకి ఆయుధాలతో రావొచ్చా, మిగులు భూముల పంపకం ఎవరు, ఎప్పటిలోగా చేయాలి. గంటలోపే తెలిసిపోతుంది, భూమి మీద కంటే తుపాకుల దగ్గరే మాట ఎందుకు తెగిందో. కాల్పుల విరమణ ఉల్లంఘన జరిగిందో లేదో తేల్చే నిష్పాక్షిక వ్యవస్థ లేకపోతే, చిన్న సంఘటన చాలు, ఇరుపక్షాలూ లేచిపోవడానికి. ప్రపంచంలో చాలా చర్చలు విఫలమయ్యేది ఇక్కడే. నా లెక్కలో ఈ ఆట ఒక సెమిస్టర్ పాఠంతో సమానం. సర్పంచ్ పాత్ర వేసినవాళ్లను మాత్రం ఎవరూ పట్టించుకోరు, అది కూడా గమనించండి.

గల్ఫ్ ఇంటిని చూడండి

సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ వైపు దుబాయ్‌లోనో కువైట్‌లోనో మనిషి లేని వాడ దొరకదు. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. 2022లో ఉక్రెయిన్ నుంచి మన మెడిసిన్ విద్యార్థులు వచ్చారు. ప్రపంచం వాడే చమురులో దాదాపు ఐదో వంతు హోర్ముజ్ జలసంధి గుండా పోయేదని పుస్తకంలో చదవడం వేరు, అక్కడ టెన్షన్ మొదలైన వారంలో పక్కింటికి డబ్బులు వచ్చాయా, వీసా ఆగిందా, ఏజెంట్ ఏమంటున్నాడు అని రాసుకోవడం వేరు. భద్రత అంటే దేశాల సరిహద్దులతో పాటు మనుషుల తిండి, ఉపాధి, ఆరోగ్యం కూడా అని ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదిక 1994లోనే చెప్పింది. పశ్చిమాసియాలో ఈసారి ఏదైనా జరిగినప్పుడు మీ వాడలోని ఒక కుటుంబాన్ని అడిగి, వాళ్లు ఒప్పుకుంటే, మూడు నెలల డైరీ రాయండి.

కోర్సులు, డబ్బు, ఉద్యోగం

డిగ్రీలో పొలిటికల్ సైన్స్ ఉంటే మంచిదే, లేకపోయినా చాలా యూనివర్సిటీలు తీసుకుంటాయి. పీజీకి కాకతీయ, ఉస్మానియాల్లో ఎంఏ పొలిటికల్ సైన్స్ సీటు రాష్ట్ర ప్రవేశ పరీక్ష సీపీగెట్ ద్వారా వస్తుంది, ఖర్చు తక్కువ. జేఎన్‌యూలో అంతర్జాతీయ సంబంధాలకు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్‌కు జాతీయ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాయాలి. ఢిల్లీ జామియా మిలియాలోని నెల్సన్ మండేలా కేంద్రంలో ప్రత్యేకంగా ఘర్షణలు, శాంతి నిర్మాణం మీద ఎంఏ ఉంది, గువాహటిలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లోనూ శాంతి, ఘర్షణల మీద ఎంఏ ఉంది. సైనిక వ్యూహం వైపు మనసు పోతే మద్రాస్, పుణె యూనివర్సిటీల రక్షణ అధ్యయన విభాగాలు పాతవి, పేరున్నవి. ఇల్లు వదల్లేనివాళ్లకు ఇగ్నోలో గాంధీ, శాంతి అధ్యయనాల ఎంఏ ఉంది. లెక్చరర్ కావాలంటే రాసే యూజీసీ నెట్ పరీక్షలో రక్షణ, వ్యూహాత్మక అధ్యయనాలు విడి సబ్జెక్టుగా ఉంది.

విదేశాల్లో లండన్ కింగ్స్ కాలేజీ యుద్ధ అధ్యయనాలకు, 1973లో మొదలైన బ్రాడ్‌ఫర్డ్ విభాగం శాంతి అధ్యయనాలకు పేరు. బ్రిటన్ ప్రభుత్వ చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కూ, రోటరీ పీస్ ఫెలోషిప్‌కూ పని అనుభవం అడుగుతారు, కాబట్టి డిగ్రీ అవగానే కాకుండా రెండు మూడేళ్ల తర్వాత అనుకోండి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ పథకాల కింద రూ. 20 లక్షల వరకు సాయం ఉంది. దేశాల జాబితా, ఆదాయ పరిమితి, మార్కుల నిబంధన ఏడాదికేడాది చూసుకోవాలి.

ఇక ఆ చేదు జవాబు. "శాంతి నిపుణుడు కావలెను" అని ఎవరూ ప్రకటన ఇవ్వరు. ఢిల్లీలో రక్షణ మీద పనిచేసే ఎంపీ-ఐడీఎస్ఏ, విదేశీ వ్యవహారాల మీద పనిచేసే ఐసీడబ్ల్యూఏ లాంటి సంస్థల్లో పరిశోధకుల పోస్టులు కొన్నే, మొదటి జీతాలూ అంతంతమాత్రం. ఎక్కువమంది లెక్చరర్లుగానో, జర్నలిస్టులుగానో, స్వచ్ఛంద సంస్థల్లోనో, కంపెనీలకు విదేశీ ప్రమాదాల అంచనాలు రాసే ఉద్యోగాల్లోనో స్థిరపడతారు. సివిల్స్ రాసేవాళ్లకు రెండో జనరల్ స్టడీస్ (జీఎస్) పేపర్‌లో అంతర్జాతీయ సంబంధాలు, మూడో పేపర్‌లో అంతర్గత భద్రత ఉన్నాయి కాబట్టి చదివింది వృథా పోదు. ఇంట్లో ఒప్పించాలంటే ఈ వాదనే ఎక్కువ పనిచేస్తుంది, మొహమాటపడకుండా వాడండి.

విదేశీ కోర్సులకు, స్కాలర్‌షిప్‌లకు దరఖాస్తు చేస్తే సాధారణంగా ఒక వ్యాసం అడుగుతారు. "నాకు చిన్నప్పటి నుంచి ప్రపంచ శాంతి అంటే ఇష్టం" అని మొదలయ్యేవి వాళ్ల దగ్గర గుట్టలుగా ఉంటాయి. మీరు ఆ నాలుగు వరుసల నోట్‌బుక్ నుంచి ఒక్క సంఘటన తీసుకుని, రెండు పక్షాల కథనాలు పక్కపక్కన పెట్టి, ఎక్కడ తేడా వస్తోందో, దేన్ని ఎందుకు నమ్ముతున్నారో రెండు పేజీల్లో రాయండి. ముందు తెలుగులో రాసుకోండి, తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చండి, ఇంగ్లిష్ లెక్చరర్‌తో ఒకసారి దిద్దించుకోండి. సీయూఈటీ పీజీకి వ్యాసం అడగరు, కానీ దాని దరఖాస్తులు సాధారణంగా డిసెంబర్, జనవరి ప్రాంతంలో మొదలవుతాయి. దసరా సెలవుల్లో మొదటి డ్రాఫ్ట్ అయిపోతే, దాన్ని కొట్టేసి మళ్లీ రాయడానికి టైం మిగులుతుంది.